విప్పగలిగే మార్పు

పాత బండిని బాగుచేసుకోవాలన్న కోరిక పుట్టగానే మనసు ముందు చక్రాల దగ్గరికి పరుగెత్తుతుంది. మెరిసే అల్లాయ్‌లు, వెడల్పాటి టైర్లు, ముందర రెండు పెద్ద లైట్లు, వెనక గుర్రుమనే సైలెన్సర్. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఆ బండిలో కూర్చున్న మనిషికి ఈ నాలుగింటిలో ఒక్కటీ అక్కరకు రాదు. ఆయనకు కావాల్సింది తల మీద వేడి దిగకపోవడం, వీపు అంటుకోకపోవడం, కళ్ళలో దుమ్ము పడకపోవడం.

ఈ అధ్యాయం బండి గురించే. అయితే మార్పు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్న కూడా ఇందులో ఉంది. ఇంటికీ ఉద్యోగానికీ సంబంధించి ఆ ప్రశ్న వేసుకుంటే మాటలతో మనల్ని మనం మోసం చేసుకోగలం. బండి దగ్గర ఆ వీలు లేదు. తప్పుడు మార్పు చేస్తే ఎండలోనే తెలిసిపోతుంది.

ఉదాహరణకు సిపాని డాల్ఫిన్ తీసుకుందాం. నలభై దాటిన చాలామందికి ఈ పేరు గుర్తుంటుంది. బెంగళూరులో సిపాని ఆటోమొబైల్స్ 1982లో తెచ్చిన రెండు తలుపుల చిన్న కారు. అంతకుముందు అదే కంపెనీ బాదల్ అని మూడు చక్రాల కారు చేసింది. డాల్ఫిన్‌కు మూలం బ్రిటన్‌లోని టామ్‌వర్త్‌లో రిలయంట్ కంపెనీ 1975లో మొదలుపెట్టిన కిటెన్. 848 సీసీ నాలుగు సిలిండర్ల అల్యూమినియం ఇంజన్, తిరిగేవి వెనక చక్రాలు, అడుగున ఇనుప ఛాసీ, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ. తేలిక బండి కావడంతో దక్షిణాదిలో కారు ర్యాలీలకు వెళ్ళేవాళ్ళు దీన్ని ముచ్చటపడి వాడారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఇనుప బాడీ, నాలుగు తలుపులు. ఇంటిల్లిపాది ఎక్కే కారు ముందు డాల్ఫిన్ నిలబడలేకపోయింది. తర్వాత నాలుగు తలుపులతో మోంటానా వచ్చినా కథ మారలేదు.

విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకునే కిట్ కారు అలవాటు మన దేశంలో పెద్దగా పాకలేదు. బ్రిటన్‌లో అది పన్ను పుట్టించిన అలవాటు. తయారైన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాల పెట్టె మీద ఉండేది కాదు. లోటస్ సెవెన్ లాంటి బండ్లు అలా వేల ఇళ్ళ షెడ్లలో తయారయ్యాయి. 1973లో వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది. కిట్ కార్లు చేసేవాళ్ళలో చాలామంది ఫైబర్‌గ్లాస్‌ను ఎంచుకున్న కారణమే బెంగళూరులోనూ పనిచేసింది. ఇనుప రేకును వంచాలంటే పెద్ద ప్రెస్సులు, ఖరీదైన డైలు కావాలి. ఫైబర్‌కు ఒక అచ్చు, రెజిన్, గ్లాసు మ్యాట్, ఓపికున్న నలుగురు మనుషులు చాలు. 1990ల చివర వచ్చిన శాన్ స్టార్మ్, ఆ తర్వాత ఇసుజు ఇంజన్‌తో వచ్చిన చింకారా రోడ్‌స్టర్ కూడా ఈ దారిలోవే. మీ దగ్గర ఉన్నది వీటిలో ఏదైనా కింద చెప్పే పనుల్లో ముప్పాతిక భాగం ఒకటే.

ముందు కాగితం, తర్వాత స్పానర్

వారం రోజులు బండిలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఇబ్బంది కలిగిన ప్రతిసారీ ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అని రాయండి. ‘ఎవరికి’ అన్నది మరిచిపోవద్దు. నడిపేవాడికి బండి మీద మోజు ఉంటుంది కాబట్టి బాధ తెలియదు. పక్క సీట్లో భార్య, వెనక సీట్లో అమ్మ మొహమాటం లేకుండా చెబుతారు. ‘ఈ పెట్టెలో నేనెక్కనురా నాయనా’ అని అమ్మ అంటే అది మీ బండి గురించి వచ్చిన అత్యుత్తమ సాంకేతిక నివేదిక. ఎందుకు ఎక్కనంటుందో అడగండి. మోకాలి నొప్పికి వెనక సీటులోకి దూరడం కష్టమా, వేడా, పెట్రోలు వాసనా? మూడింటికీ మందు వేరు వేరు.

వారం తర్వాత ఆ పుస్తకం చూస్తే స్పీడు తక్కువని ఒక్క మాట కూడా ఉండదు. అయినా చేతిలో డబ్బు పడగానే ఇంజన్ మార్చాలనిపిస్తుంది. ఆ కోరిక నలుగురూ చూడాలన్న ఆశలోంచి పుట్టింది, మీ వాడకంలోంచి కాదు.

రాసుకున్న ప్రతి బాధకూ ఒక మందు తడుతుంది. ఆ మందుకు ఒకే పరీక్ష పెట్టండి: రేపు నచ్చకపోతే దీన్ని విప్పి పక్కన పెట్టగలనా? బోల్టుతో బిగించింది విప్పవచ్చు. కోసింది, అతికించింది, వెల్డింగు చేసింది విప్పలేం. విప్పగలిగేదాన్ని ధైర్యంగా చేసెయ్యండి. విప్పలేనిదాన్ని ఏడాది వాయిదా వెయ్యండి. ఏడాది తర్వాత కూడా అదే కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం. చాలావాటికి ఆ అవసరమే రాదు. పాత బండి విషయంలో ఈ పరీక్షకు చట్టపరమైన లాభం కూడా ఉంది. అది చివర్లో.

ఎండ

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. మిగతా కాలమంతా బండికి ఎండతోనే కాపురం. ఫైబర్ ఇనుములాగా వేడిని సులభంగా పోనివ్వదని చాలామంది ధీమాగా ఉంటారు. మాట నిజమే, కానీ బాడీ మందం కొద్ది మిల్లీమీటర్లే. పొద్దున్నుంచి ఎండలో నిలిపిన బండిలో ఆ తేడా ఏమీ మిగలదు, టాపు లోపలివైపు నుంచి సెగ కొడుతూనే ఉంటుంది.

మొదటి పని రంగు. టాపు తెల్లగా ఉండాలి. బండి మొత్తం మీద ఎరుపు మోజుంటే ఉంచుకోండి, టాపు ఒక్కటి తెలుపు చేయండి. ముదురు రంగు ఫైబర్ మన ఎండకు కాగి కాగి మెత్తబడుతుంది, కొన్నాళ్ళకు లోపలి గ్లాసు మ్యాట్ గీతలు పైకి తేలతాయి. ఎంత పాలిష్ పట్టినా అవి పోవు.

రెండోది టాపు లోపలి లైనింగ్. ఒకవైపు అల్యూమినియం రేకు అంటించిన నైట్రైల్ ఫోమ్ షీట్లు ఏసీ డక్టుల పని చేసేవాళ్ళ దగ్గర దొరుకుతాయి. వాటిని టాపు లోపల పరిచి, కింద గుడ్డ లైనింగ్ బిగించాలి. ఇది వేడికీ శబ్దానికీ కలిపి మందు. ఫైబర్ టాపు డప్పులా మోగుతుంది, ఫోమ్ పడగానే నోరు మూసుకుంటుంది. థర్మోకోల్ చవక కదా అని పెట్టకండి. పక్కన ఎప్పుడైనా రెజిన్ పని చేస్తే అందులోని స్టైరీన్‌కు థర్మోకోల్ కరిగిపోతుంది.

మూడోది కాళ్ళ దగ్గర వేడి. వెనక చక్రాలు తిరిగే చిన్న కార్లలో గేర్‌బాక్స్ సరిగ్గా ముందు కూర్చున్న ఇద్దరి మధ్యలోంచి, ఒక సొరంగంలో పోతుంది. ఇంజన్ గోడకూ ఆ సొరంగానికీ సిరామిక్ దుప్పటి పెట్టి పైన అల్యూమినియం రేకు బిగించండి. సైలెన్సర్ గొట్టానికీ ఫైబర్‌కూ మధ్య చెయ్యి దూరేంత సందు లేకపోతే అక్కడ రేకు అడ్డం తప్పనిసరి. పాలిస్టర్ రెజిన్ మండుతుంది, అంటుకుంటే ఆగదు. చిన్న ఆర్పే సిలిండర్ ఒకటి డ్రైవర్ సీటు కింద ఉండాలి. ఇది సౌకర్యం జాబితాలోది కాకపోయినా ఇక్కడే చెబుతున్నాను.

అద్దాలకు నల్ల ఫిల్ముల సంగతి. 2012లో సుప్రీంకోర్టు వాటిని తీసేయమంది. నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. ఎస్సై గారితో రోడ్డు మీద వాదన ఎందుకు? బండి నిలిపినప్పుడు అద్దాలకు అడ్డం పెట్టే మడత తెర కొనుక్కోండి. వేపచెట్టు నీడ దొరికితే ఇంకా మంచిది.

ఇక ఏసీ. 848 సీసీ ఇంజన్‌కు కంప్రెసర్ మొయ్యడం భారమే, అసాధ్యం కాదు. 796 సీసీ మారుతి ఏసీతో దశాబ్దాలు తిరిగింది. కాకపోతే ఏసీ ఒంటరిగా రాదు. పెద్ద రేడియేటర్, కరెంటు ఫ్యాన్, బలమైన ఆల్టర్నేటర్ వెంట తెచ్చుకుంటుంది. ముందు రంగు, లైనింగ్, సొరంగం దుప్పటి చేసి ఒక వేసవి నడపండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే పెట్టండి. సాయంత్రం ఆరు తర్వాతే తిరిగేవాళ్ళకు అక్కర్లేదని నా అభిప్రాయం.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసే అలవాటు మన జిల్లాలో ఎక్కువ. మన బోరు నీళ్ళు కటిక ఉప్పు నీళ్ళు. ఇంజన్ అల్యూమినియం. ఆ నీళ్ళు లోపల పొలుసు కట్టిస్తాయి, లోహాన్ని తినేస్తాయి. ఎత్తు 335 మీటర్లు ఉన్న అనంతపురం నుంచి 900 మీటర్లు దాటిన బెంగళూరుకు 44వ నంబరు రహదారి మీద వెళ్ళేటప్పుడు బండి ఎక్కుతూనే ఉంటుంది. పొలుసు కట్టిన ఇంజన్ పెనుకొండ చేరేలోపే ఆవిరి కక్కుతుంది. కలిపి అమ్మే కూలెంట్ వాడండి. కలుపుకోవాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్‌లోనే కలపండి. బాటిల్ ఒకటి డిక్కీలో ఉంచుకోండి.

ఎర్త్

ఫైబర్ బండ్లతో వచ్చే తిప్పల్లో సగం దీనివల్లే. ఇనుప కార్లకు అలవాటుపడిన మెకానిక్కుకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు.

“లైటు మసగ్గా ఎలుగుతాంది. ఎర్త్ యాడిచ్చినావన్నా?”

“బాడీకే ఇచ్చినా సార్, గట్టిగా స్క్రూ కొట్టినా.”

“అది ఫైబరు గదన్నా!”

ఇనుప కారులో బాడీయే ఒక వైరు. బ్యాటరీ నెగటివ్ బాడీకి తగిలించి, లైటు నుంచి వచ్చే రెండో వైరును దగ్గర్లోని రేకుకు బిగిస్తే చాలు. ఫైబర్‌లోంచి కరెంటు పారదు. ప్రతి లైటుకూ హారన్‌కూ వైపర్‌కూ వెనక్కి వచ్చే వైరు వేరుగా కావాలి. నలభై ఏళ్ళ బండిలో ఆ వైర్లు తుప్పుపట్టి, తెగి, ఎవరో ఎక్కడెక్కడో అతుకులు వేసి ఉంటారు. లైటు మసగ్గా వెలిగితే బల్బు మార్చడం, ఆ తర్వాత పెద్ద బల్బు వెయ్యడం, దానికి వైరు కాలడం, ఇదొక గొలుసు. ఎల్ఈడీ లైట్ల కోసం డబ్బు పెట్టే ముందు ఎర్త్ మీద పెట్టండి.

చెయ్యాల్సిన పని సులువే. రెండు రాగి పట్టీలు తీసుకుని ఒకటి బానెట్ కింద, ఒకటి వెనక బిగించండి. రెంటినీ లావు వైరుతో కలిపి, అక్కడి నుంచి ఛాసీకీ బ్యాటరీ నెగటివ్‌కూ ఇవ్వండి. ఛాసీ దగ్గర రంగు గీకి మెరిసే లోహం మీద బిగించి, పైన గ్రీజు పూయండి. ప్రతి లైటు ఎర్త్ ఆ పట్టీలకే రావాలి. హెడ్‌లైట్లకు రిలే పెట్టండి. ఫ్యూజుల సంఖ్య పెంచండి. ఇదంతా ఒక ఆదివారం పని, ఎప్పుడైనా విప్పవచ్చు. రేడియోలో ఇంజన్‌తో పాటు కీచుమనే శబ్దం వస్తుంటే అది కూడా ఫైబర్ పుణ్యమే. ఇనుప బానెట్ అడ్డుకునే ఇగ్నిషన్ గోల ఇక్కడ నేరుగా యాంటెన్నాకు చేరుతుంది. రెసిస్టర్ ఉన్న ప్లగ్గు క్యాపులు వేస్తే చాలావరకు తగ్గుతుంది.

దుమ్ము, సీటు, సామాను

కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలి తెలిసినవాళ్ళకు దుమ్ము గురించి వేరే చెప్పాలా? కణేకల్లు దగ్గర ఇసుక మేటలే లేచి నడుస్తాయి. దుమ్ము ముందు నుంచి వస్తుందని అద్దాలు బిగిస్తాం. నిజానికి కదిలే బండి వెనక గాలి పీడనం తగ్గి, లేచిన దుమ్మంతా వెనక తలుపు సందుల్లోంచి లోపలికి పీల్చుకుపోతుంది. కాబట్టి రబ్బరు బీడింగ్ ముందు వెనక తలుపుకు మార్చండి. ఫైబర్ తలుపులు అచ్చుకు అచ్చు సరిపోవు, ఒకచోట సందు ఎక్కువ, ఒకచోట తక్కువ. లోపల బోలుగా ఉండే మెత్తటి బీడింగ్ ఆ ఎగుడుదిగుళ్ళను సర్దుకుంటుంది. తర్వాత ముందర గాలి కన్నం కొంచెం తెరిచి దానికి జాలీ పెట్టండి. లోపల పీడనం పెరిగితే దుమ్ము బయటే ఆగుతుంది.

సీట్లకు రెగ్జిన్ వద్దు. నలభై రెండు డిగ్రీల్లో రెగ్జిన్ మీద కూర్చోమనడం శిక్ష. మందం నూలు గుడ్డతో విప్పి ఉతికే కవర్లు కుట్టించండి. సీటు ఎత్తు పెంచాలంటే అడుగున ఇనుప దిమ్మెలు పెట్టి బోల్టు వెయ్యండి, కానీ ఆ బోల్టు ఛాసీకి చేరాలి. బెల్టు కూడా అంతే. ఫైబర్ నేలకు బిగించిన బెల్టు ప్రమాదంలో బోల్టుతో సహా ఊడివస్తుంది. మరో దారి లేక ఫైబర్‌కు ఏదైనా బిగించాల్సి వస్తే రెండువైపులా అరచేతి వెడల్పు ఇనుప పలక పెట్టి భారం పంచండి. రేకు స్క్రూలు ఫైబర్‌లో నిలవవు.

టాపు మీద క్యారియర్ గురించి ఒకే మాట: వద్దు. శెనక్కాయల మూట ఉంటే వెనక సీటు పీకి నేల మీద వేసుకోండి. వెనక కమాన్లకు ఇంకో పట్టీ కలిపితే బరువు లాగుతుందని చెబుతారు. ఇంత తేలిక బండికి పట్టీ కలిపితే ఖాళీగా వెళ్ళేటప్పుడు నడుములు విరుగుతాయి. పాత షాకులూ బుష్షులూ మార్చి చూడండి, చాలామందికి అక్కడే హాయి దొరుకుతుంది.

పెట్రోలు గొట్టాలు ఒక్కసారి మార్చితీరాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఎనభైల నాటి రబ్బరు దానికి ఉబ్బి, పగిలి కారుతుంది. కార్బురేటర్ డయాఫ్రాలు, వాషర్లు కూడా అంతే. అమ్మ చెప్పిన పెట్రోలు వాసనకు కారణం తొంభై పాళ్ళు ఇదే. ఇథనాల్ తట్టుకునే గొట్టం అడిగి తీసుకోండి.

పగులు

ఫైబర్ సొట్టపోదు, పగులుతుంది. టింకరింగ్ షాపు సుత్తి ఇక్కడ పనికిరాదు. దానికన్నా ఊళ్ళో ఫైబర్ విగ్రహాలు, నీళ్ళ తొట్లు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నక్షత్రంలా గీతలు పడితే ఆ మధ్యలో ఏదో బోల్టు బిగువుగా ఉందని అర్థం. ముందు ఆ బిగువు తీసెయ్యండి, లేకపోతే ఎంత పూసినా మళ్ళీ వస్తుంది.

పైన లప్పం పెట్టి రంగు వేస్తే మూడు నెలల్లో పగులు మళ్ళీ కనబడుతుంది. బలం లోపలివైపు నుంచి రావాలి. వెనక వైపు రంగు, నూనె పోయేలా గరుకు కాగితంతో గీకి, అసిటోన్‌తో తుడిచి, పగులుకు చుట్టూ మూడు వేళ్ళ వెడల్పు అదనంగా మ్యాట్ ముక్కలు రెండు మూడు పొరలు వెయ్యండి. మన ఎండలో రెజిన్ డబ్బాలోనే గట్టిపడిపోతుంది కాబట్టి తెల్లవారుజామునే పని మొదలుపెట్టాలి. కిలో రెజిన్‌కు పది మిల్లీలీటర్ల క్యాటలిస్ట్ చాలు, అంతకన్నా తగ్గిస్తే ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. కోబాల్ట్ విడిగా ఇస్తే దాన్ని రెజిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్ట్ వెయ్యాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, మాస్కు లేకుండా చేసే పనివాణ్ణి ఆపి, మీరే కొనివ్వండి.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడం కుదరదని స్పష్టం చేసింది. మారుతి ఇంజన్ పెట్టాలన్నా, టాపు కోసి ఓపెన్ కారు చెయ్యాలన్నా రవాణా శాఖ అనుమతి లేకుండా అడుగు వెయ్యకండి. లైనింగ్, ఎర్త్ పట్టీలు, బీడింగ్, సీటు కవర్లు, గొట్టాలు ఆర్‌సీలోని ఏ గడినీ ముట్టుకోవు. డాల్ఫిన్లు ఎక్కువగా కర్ణాటక నంబరుతో దొరుకుతాయి. అలా తెచ్చిన బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే అక్కడి ఎన్ఓసీ తెచ్చి ఇక్కడి నంబరు తీసుకోవాలి. పదిహేనేళ్ళు దాటిన ప్రతి సొంత కారుకూ అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉన్న కారుకు ‘వీఏ’ వరుస నంబరు ఇస్తారు. ఆ నంబరుతో రోజూ తిరగడం కుదరదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. 1982 డాల్ఫిన్ 2032లో ఆ వయసుకు వస్తుంది. అప్పుడు లైనింగ్, రేకులు, ఫ్యాన్, పట్టీలు విప్పి ఒక పెట్టెలో పెట్టుకుంటే సరి. టాపు కోసినవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకని ఇవాళే మీ ఆర్‌సీ తీసి రెండు తేదీలు చూసుకోండి: మొదటి రిజిస్ట్రేషన్ ఎప్పుడు, గడువు ఎప్పటిదాకా.